కింద పెట్టిన కాఫీ

అమ్మాన్‌లోని కంప్యూటర్ల కంపెనీ ఇంజనీరు హైథమ్ గారికి,

కరక్ నుంచి దాణా వ్యాపారి అబూ మిస్లెహ్ సలాములు. అంతా కుశలమని రాద్దామంటే ఇక్కడ కుశలం లేదు. మీకు ఫోన్ చేస్తే పాట వినిపిస్తోంది తప్ప మనిషి పలకడం లేదు. అందుకే ఈ ఉత్తరం బస్సు డ్రైవరు చేతికిచ్చాను.

నా పాత దాణా ప్రోగ్రాం కొత్త కంప్యూటర్లో నడవదని, దాని లోపల ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్ పెట్టారు కదా. వర్చువల్ మెషీన్ అని దానికో పేరు. బయటిదానికి ఇంటర్నెట్ బ్రహ్మాండంగా వస్తోంది, లోపలిదానికి చుక్క అందదు. ఆర్డరేమో లోపల్నుంచే వెళ్లాలి. బక్రీదు ముంచుకొస్తోంది. గొర్రెల డొక్కలు లోపలికి పోయాయి. కాపరులు నా కొట్టు ముందే కాపురం పెట్టారు.

ఇట్లు,
అబూ మిస్లెహ్

తా.క.: ఫిర్యాదు మీ వెబ్‌సైటులో చేయాలట. బయటి కంప్యూటర్లో ప్రయత్నించాను. మీ వెబ్‌సైటే తెరుచుకోలేదు.

---

గౌరవనీయులైన అబూ మిస్లెహ్ గారికి,

లోపం మా వైపు లేదు. ఆఫ్ చేసి ఆన్ చేయండి. కుదరకపోతే మోడెమ్, కేబుల్ కొత్తవి కొనండి. సోమవారం నేనే వస్తాను. మీ పని తేలకపోతే నా కుర్చీ ఖాళీ చేయమని మా మేనేజరు చెప్పేశాడు.

విధేయుడు,
హైథమ్

తా.క.: భోజనాల ఏర్పాట్లు పెట్టుకోకండి. పోయినసారి ఇంకో ఊళ్లో తిన్నది ఇంకా అరగలేదు.

---

నాయనా హైథమ్,

వచ్చావు, మోడెమ్ మార్చావు, కేబుల్ మార్చావు, విండోస్ మళ్లీ ఎక్కించావు. నెట్ రాలేదు. అది సరే, నువ్వు అసలు ఎందుకొచ్చావో నాకు తెలిసింది. నేనిచ్చిన కాఫీ ముట్టకుండా కింద పెట్టావు. మా దగ్గర కోరిక ఉన్న అతిథి అది తీరేదాకా కాఫీ తాగడు. పెళ్లికాని పిల్ల ఉన్న ఇంట్లో పెళ్లికాని కుర్రాడికి ఇంకేం కోరిక ఉంటుంది? ‘తాగు నాయనా, నీ మాట నెగ్గింది’ అన్నాను. ఒక్క గుక్కలో తాగేశావు.

మా రువైదా కూడా కంప్యూటర్లలోనే డిగ్రీ చేసి ఇంట్లో కూర్చుంది. వచ్చిన సంబంధమల్లా తిప్పికొట్టింది. ఇద్దరికీ ఈడూజోడూ కుదిరింది.

ఆశీస్సులతో,
అబూ మిస్లెహ్

తా.క.: ఊరంతా చెప్పేశాను. కాపరులు దాణా మాట వదిలేసి విందు ఎప్పుడంటున్నారు.

---

అయ్యా అబూ మిస్లెహ్ గారూ,

నాకు అల్సరండీ. డాక్టరు కాఫీ మాన్పించాడు. పైగా మా సొంతూరు టంటాలో మేం టీ తాగే మనుషులం. మీరు నొచ్చుకుంటారని కళ్లు మూసుకుని మింగాను. ‘నీ మాట నెగ్గింది’ అంటే కొత్త మోడెమ్‌కు ఒప్పుకున్నారనుకున్నాను. దయచేసి ఊళ్లో వాళ్లకు సర్ది చెప్పండి.

ఇక నెట్ సంగతి. లోపలి కంప్యూటర్ మొత్తం తుడిచేసి కొత్తది పెట్టాలి. మీ పాత లెక్కలన్నీ పోతాయి. అంతకు మించి దారి లేదు.

మీ,
హైథమ్

తా.క.: ఆ రోజు గుమ్మంలో నిలబడి నన్ను చూసి నవ్విన అమ్మాయి ఆవిడేనా? ఊరికే అడుగుతున్నాను.

---

చిరంజీవి అల్లుడికి,

ఆవిడే. తుడిచేస్తావన్న సంగతి చెబితే ఇంకా గట్టిగా నవ్వింది. పిల్లకు నచ్చావన్నమాట.

మామ,
అబూ మిస్లెహ్

తా.క.: తాగిన కాఫీ కక్కలేం. నా తమ్ముళ్లు నిన్ను చూడాలని ముచ్చటపడుతున్నారు. వాళ్లు చూస్తే ఒక పట్టాన వదలరు.

---

మామగారికి,

బాగా ఆలోచించాను. ఒప్పుకుంటున్నాను. అమ్మ అప్పుడే టంటాలో మిఠాయిలు పంచింది. నా తరఫున పెద్దమనిషిగా మా మేనేజరు గురువారం వచ్చి అడుగుతాడు.

మీ అల్లుడు,
హైథమ్

తా.క.: నెట్‌దేముంది, పెళ్లయ్యాక చూద్దాం. ఇప్పుడు మనం మనం ఒకటి కదా.

---

ఇంజనీరు హైథమ్ గారికి,

మీ మేనేజరు వచ్చాడు. ఆయన కాఫీ కింద పెట్టి నోరు తెరిచేలోపు రువైదా వెళ్లి కంప్యూటర్ ముందు కూర్చుంది. లోపలి కంప్యూటర్ సెట్టింగుల్లో ‘కేబుల్ తగిలించి ఉంది’ అని ఒక గడి ఉందట. అది ఖాళీగా ఉంది. టిక్కు పెట్టింది. నెట్ వచ్చింది. దాణా ఆర్డరు వెళ్లిపోయింది.

‘మరి ఇన్నాళ్లూ చెప్పలేదేమే?’ అన్నాను.

‘ఎవరైనా నన్ను అడిగితేగా నాన్నా’ అంది.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికాను. నాకు నిజంగా సిగ్గేసింది.

మీ మేనేజరు మాత్రం కాఫీ ముట్టలేదు. ‘మీ అమ్మాయిని మాకివ్వండి’ అన్నాడు. ‘కంపెనీకి. ఆదివారం నుంచే.’

ఈసారి ముందు పిల్లను అడిగాను. సరేనంది. అప్పుడు ఆయన్ను కాఫీ తాగమన్నాను. మీ సంబంధం గురించీ పిల్లనే అడిగాను. ‘ఎదురుగా ఉన్న గడి కనపడనివాడికి నేనేం కనపడతాను’ అంది.

ఇట్లు,
అబూ మిస్లెహ్

తా.క.: మీ కుర్చీ మరీ ఎత్తుగా ఉంటుందని మేనేజరు చెప్పాడట. లేచేముందు కాస్త దించి వెళ్లమంది రువైదా.