ముసలమ్మ నడుము కొలత

అక్కకు,

చెల్లి నమస్కారాలు. ఇక్కడ మనుషులమంతా క్షేమంగానే ఉన్నాం. నువ్వూ, బావగారూ, పాపా కులాసాగా ఉన్నారని తలుస్తాను. చెవిలో హోరు కొంచెం తగ్గిందని రాశావు. ఆ ఒక్క వాక్యం నాలుగుసార్లు చదువుకున్నాను. అయినా మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకునే దిగు. పట్టుకోకుండా దిగగలనని బావగారి ముందు గొప్పలకు పోవద్దు. నీ సంగతి నాకు తెలుసు.

పాప ముందు పళ్ళు రెండూ ఊడాయా! పళ్ళూడిన నోటితో అడిగిన ప్రశ్నలు కాబట్టి జవాబు చెప్పక తప్పదు. పగడం రాయా, చెట్టా, జంతువా అంటే మూడూ అని చెప్పు. పైకి రాయి. చెట్టులాగా ఎండ తిని బతుకుతుంది. అసలు సంగతికొస్తే జంతువు. చిన్న చిన్న నోళ్ళున్న వేల జంతువులు ఒకే ఇల్లు కట్టుకుని కాపురముంటాయి. అంతమంది ఒకే ఇంట్లో గొడవ పడకుండా ఎలా ఉంటారని మాత్రం నన్ను అడగొద్దను. మనం ఇద్దరమే ఒక గదిలో దుప్పటి కోసం కొట్టుకు చచ్చేవాళ్ళం. దానికి నొప్పి తెలుస్తుందా అని కూడా అడిగింది కదా, ఆ సంగతి తర్వాత రాస్తాను.

పడవ నడిపే మామయ్య నిన్ను అడిగానని చెప్పమన్నాడు. గొణుగుడు ఏమాత్రం తగ్గలేదు. మొన్న ఇంజను మొరాయిస్తే దాన్ని తిట్టి, నన్ను తిట్టి, చివరికి "మీ అక్క ఉన్నప్పుడు ఈ ఇంజను ఇలా చేసేదా?" అన్నాడు. ఆ చెవి వల్ల నువ్వు నీళ్ళలోకి దిగడం మానేసి మూడేళ్ళయినా ఆయన లెక్కలో ఇక్కడ చెడిపోయిన ప్రతిదీ నువ్వు వెళ్ళాకే చెడిపోయింది.

ఆఫీసు వెనక వరండా చూస్తే నువ్వు గుర్తుపట్టవు. మన సైకిళ్ళు పెట్టుకునే చోట ఇప్పుడు మూడు నీలం తొట్టెలున్నాయి, మూడింటి నిండా బ్లీచింగ్ నీళ్ళు. దక్షిణపు పగడాల దిబ్బకు జబ్బు వచ్చిన దగ్గర్నుంచి, నీళ్ళలోంచి వచ్చిన ప్రతి వస్తువూ అందులో పది నిమిషాలు నానాల్సిందే. మాస్కు, గ్లౌజులు, సూటు, అన్నీ. నా వేళ్ళ చర్మం ఉల్లిపొరలా లేచిపోతోంది. ఇంకో నియమం కూడా ఉంది. జబ్బు లేని దిబ్బకు ముందు వెళ్ళాలి, జబ్బు ఉన్న దిబ్బకు చివర వెళ్ళాలి. అక్కడికి వెళ్ళాక ఆ రోజుకు ఇంకెక్కడా దిగకూడదు. ఈ ఏడు ఎండలకు నీళ్ళు స్నానానికి కాచినట్టు వేడెక్కాయి. పగడాలన్నీ అప్పటికే పాలిపోయి నీరసించి ఉన్నాయి. అలాంటప్పుడు జబ్బు తగిలితే ఇక తేరుకోలేవు.

నువ్వు అడిగినదానికి రాకుండా ఊరి కబుర్లన్నీ చెబుతున్నానని నీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. "పక్కింటి పిల్లి ఈనితే పేజీన్నర రాస్తావు. ముసలమ్మ ఎలా ఉందని మూడు ఉత్తరాల్లో అడిగితే బాగుంది అని ఒక్క మాట రాసి ఊరుకుంటావేం?" అని రాశావు. నిజమే. ఆ మూడుసార్లూ నీకు అబద్ధం రాశాను.

ముసలమ్మ లేదక్కా. పోయిన వారం పూర్తిగా పోయింది.

నువ్వు కూర్చునే ఉన్నావు కదూ? కూర్చో.

ఆ బండంత పగడాన్ని మొదట చూసింది నువ్వే. అమ్మ పోయిన ఏడు అది. నువ్వు నా చెయ్యి పట్టుకుని నీళ్ళలోకి తీసుకెళ్ళావు, నాకు భయమేస్తే వదల్లేదు. మడతలు మడతలుగా, ముడతలు పడ్డ మొహంలా ఉందని నువ్వే దానికి ముసలమ్మ అని పేరు పెట్టావు. రెండు వందల ఏళ్ళుంటాయని ల్యాబ్ మేడం అన్నప్పుడు, "అయితే మనకంటే పెద్దవాళ్ళు ఇంకా ఒకరున్నారన్నమాట" అన్నావు. అమ్మ కుట్టు మిషను సొరుగులోంచి టేపు తెచ్చి దాని నడుము కొలిచావు. అప్పట్నుంచి ఏటేటా అమ్మ పోయిన రోజున అదే టేపుతో కొలిచాం. పద్నాలుగేళ్ళలో ఒక్క ఏడూ తప్పలేదు. ఆఫీసు రిజిస్టరులో మేడం రాసుకునే కొలత వేరు, మన కొలత వేరు. ఏడాదికి ఒక వేలు మందం పెరిగితే, బట్టలు చాలని పిల్లను చూసి అమ్మ మురిసినట్టు మురిసేవాళ్ళం.

ఈ ఏడు కూడా కొలిచాను. మూడు టేపులూ, పైన ఇరవై రెండు సెంటీమీటర్లూ అని ఫోనులో చెబితే నువ్వు "పెరిగింది, పెరిగింది" అని పాపను ఎత్తుకున్నట్టున్నావు, దాని నవ్వు నాకు వినిపించింది. ఆ కొలత అబద్ధం కాదు.

కొలిచిన పంతొమ్మిదో రోజున ముసలమ్మ మీద తెల్ల గీత కనపడింది. నూలుపోగంత సన్నం. వారానికల్లా బెత్తెడు వెడల్పయింది. ఆ గీత జరిగినకొద్దీ వెనక మాంసం పొరలా ఊడి నీళ్ళలో కొట్టుకుపోయేది, కింద తెల్లటి ఎముక మిగిలేది. మేమేమీ చేతులు కట్టుకుని కూర్చోలేదు. గొంతు వాస్తే మనకిచ్చే మందే పేస్టులో కలిపి, గీత పొడవునా వేలితో ఒత్తి పెట్టాను. పొద్దున పెడితే సాయంత్రం చూసుకుని మళ్ళీ పెట్టాను. అదీ ఆగకపోతే ఉలీ సుత్తీ తీసుకుని, జబ్బు దాటకుండా బతికున్న మాంసంలో గాడి కొట్టాను. నేనే కొట్టానక్కా. నాతో జంటగా దిగే అబ్బాయి, మేమంతా పొడుగు అని పిలుస్తాం, వాడు సుత్తి తీసుకోబోతే ఇవ్వలేదు. మాస్కు లోపల ఏడిస్తే తుడుచుకోవడానికి వీలుండదని ఆ రోజే తెలిసింది. జబ్బు ఆ గాడిని కూడా దాటేసింది. చివరికి నెత్తిమీద అరచేతంత బతికుంది. పోయిన మంగళవారం వెళితే అదీ లేదు.

ఇప్పుడు అసలు సంగతి రాయాలి. కలం ఇక్కడ ఆపి లేచి వెళ్ళి, గిన్నెలు కడిగి, మళ్ళీ వచ్చాను.

అమ్మ రోజున మాకు పొద్దున్నే దక్షిణపు దిబ్బకు పని పడింది. జబ్బు అక్కడ మొదలై అప్పటికి వారమైంది. వెళ్ళాం. ఆఫీసు టేపు చుట్ట బిగుసుకుపోతే, మచ్చ ఎంతుందో చూడ్డానికి జేబులో ఉన్న అమ్మ టేపు తీసి, జబ్బు పడ్డ పగడానికి ఆనించి కొలిచాను. నియమం ప్రకారం ఆ రోజుకు ఇంక ముసలమ్మ ఉన్న దిబ్బ దగ్గర దిగకూడదు. కానీ ఆ రోజు అమ్మ రోజు. నువ్వు ఫోను పక్కన పెట్టుకుని కూర్చుంటావు. సూటు మార్చాను, తక్కినవన్నీ బ్లీచింగులో నానబెట్టాను. పొడుగు గడియారం చూస్తూ పది నిమిషాలు లెక్కపెట్టాడు. "రేపు వెళదాం, ఒక్క రోజుకి ఏం కాదులే" అన్నాడు. నేను వినలేదు.

టేపు మాత్రం తొట్టెలో ముంచలేదు. మరిచిపోయానని రాస్తే నీకు తేలిగ్గా ఉండేది. మరిచిపోలేదు. అంతకు ముందు ఒక చుక్క పడితేనే ఏడు అంకె వెలిసిపోయింది. నానబెడితే అంకెలన్నీ పోతాయని భయమేసింది. అమ్మ గోరు ఆనించి ఆనించి అరిగిన అంకెలు. మంచినీళ్ళ బకెట్లో జాడించి, చాల్లే అనుకున్నాను. ఆ మధ్యాహ్నమే దాన్ని ముసలమ్మ నడుము చుట్టూ జరుపుకుంటూ, బిగించి ఆనించి కొలిచాను.

తెల్ల గీత అన్ని పగడాలకూ అంచున మొదలవుతుంది. ముసలమ్మకు నడుము చుట్టూ వచ్చింది. సరిగ్గా టేపు ఆనిన చోట.

నిన్న మేడం ముందు నిలబడి మొత్తం చెప్పాను. ఆవిడ కిటికీలోంచి తొట్టెల వంక చూసింది. "నువ్వే తెచ్చావని నేను రుజువు చెయ్యలేను. నువ్వు తేలేదని కూడా చెయ్యలేను" అంది. గుడ్డ టేపులేవీ ఇక నీళ్ళలోకి తేకూడదని నా చేతే బోర్డు మీద రాయించింది. నన్ను కొన్నాళ్ళు ఒడ్డునే ఉండమంది. తిట్టి ఉంటే బాగుండేది.

నువ్వు కొలత అడిగావు కాబట్టే ఇలా జరిగిందని మాత్రం ఒక్క క్షణం కూడా అనుకోకు. ఆ ముక్క నీ మనసులోకి వస్తుందనే ఇన్నాళ్ళూ దాచాను. నువ్వు నీళ్ళలోకి రాలేవు. నీ తరఫున చూస్తున్నదాన్ని నేను. నీదీ నాదీ అయినదాన్ని నా చేతులతో పోగొట్టాను. కోపం వస్తే రానీ. ఉత్తరం రాయకపోయినా సరే, పాప చేత రెండు గీతలు గీయించి పంపు.

నొప్పి తెలుస్తుందా అని అది అడిగింది కదా. తెలియదని చెప్పు. నాకు నిజంగా తెలియదు.

ఈ కవరులోనే టేపు పెడుతున్నాను. పంపే ముందు పది నిమిషాలు బ్లీచింగులో నానబెట్టాను, నేనే గడియారం చూశాను. అనుకున్నట్టే అంకెలన్నీ పోయాయి, తెల్ల గుడ్డ మిగిలింది. ఆ రోజే ముంచి ఉంటే, పోయేవి ఆ అంకెలు మాత్రమే.

ఇట్లు,
నువ్వు చెయ్యి పట్టుకుని నీళ్ళలోకి దింపిన
నీ చెల్లి