కిటికీ పక్క సీటు

అక్కా, నేను కులాసాగానే ఉన్నాను, కంగారుపడకు.

నువ్వూ చెల్లీ వచ్చే ఆదివారం బస్సులో కొండలకు వెళ్తున్నారని అమ్మ రాసింది. నాకు మాట మాత్రమైనా చెప్పలేదేం? టూర్ల ఆఫీసులో కూర్చుని ఏ నెలలో ఎక్కడ ఎండో, ఎక్కడ వానో ఊరందరికీ చెప్పేది నేనే కదా!

నిన్న అచ్చం మీలాంటి అక్కాచెల్లెళ్లే కొండలకు టిక్కెట్లు అడిగారు. ఒళ్లు మండి, "అక్కడ ఒకటే వానలమ్మా" అని అబద్ధం చెప్పేశాను.

"అయితే ఎండ ఉన్న చోటికే ఇవ్వండి. ఎక్కడైతేనేం, ఇద్దరం కలిసి ఉంటాం" అంది పెద్దావిడ. వానలేం లేవని ఒప్పేసుకున్నాను. కొండలకే ఇచ్చి పంపాను.

నా స్వెట్టరు నీ దగ్గరే ఉందిగా, అది చెల్లికి తొడగకు. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? బావగారికి నమస్కారాలు.

మీ బస్సులోనే నాకూ సీటు రాసుకున్నాను, కిటికీ పక్కది. చెల్లిని జరగమను.

నీ నడిపి చెల్లెలు