నాన్న చెవుల కషాయం

వెన్‌పెయ్ తల్లీ,

బడికి వేళయింది, వెళ్తున్నాను. నా చెవుల కషాయం మట్టికుండలో ఉంది. మళ్లీ నీళ్లు పోసి, సన్నసెగ మీద సగానికి మరిగించు. పిప్పి మాత్రం వీధిలో పారబొయ్యి. పదిమంది తొక్కితే జబ్బు పోతుందని మీ అమ్మ నమ్మేది.

నిన్న వైద్యుడు చియావ్ చెప్పినట్టే తరగతిలో రెండు చెవులూ అరచేతులతో మూసుకుని, వేళ్లతో తల వెనక డప్పు కొట్టుకున్నాను. కళ్లు తెరిచేసరికి నలభైమంది పిల్లలూ అదే పనిలో ఉన్నారు. రోజూ చేయించే కళ్ల వ్యాయామంలాగా ఇదీ కొత్తగా వచ్చిందనుకున్నారట. "ఎన్నిసార్లు కొట్టాలి మాస్టారూ?" అని ఒక పిల్ల మూడోసారి అరిస్తేగాని నాకు వినపడలేదు. ముప్పయ్యారు అన్నాను, చాలా గంభీరంగా.

"మెల్లిగా పోయిన వినికిడి మెల్లిగానే వస్తుంది లెండి" అంటాడు చియావ్. రాకపోతే అని అడిగితే నా నాడి వదిలేసి టీ పోశాడు.

అందుకని ఒక పని చెయ్యి. మీ అమ్మ పోయేముందు రికార్డు చేసి నా ఫోన్‌కు పంపిన మాటలు ఇప్పుడు సగమే వినిపిస్తున్నాయి. అవి విని నోటుపుస్తకంలో రాసిపెట్టు.

నాన్న

"గోడలకైనా చెవులుంటాయి, మీకు లేవు" లాంటివి మర్యాదకని వదిలెయ్యకు. అన్నవి అన్నట్టే రాయి.