అత్తయ్య పట్టుకోని పడుగు

భవానీపురం, విజయవాడ
ఆదివారం

శ్రీవారికి నాగదుర్గ నమస్కరించి రాయునది. నేనూ ధనశ్రీ క్షేమంగా ఉన్నాం. మీరూ, చీరల స్టాల్లో మీతో ఉన్న మన వీధివాళ్ళూ క్షేమమని తలుస్తాను. ఈ వరసలో అత్తయ్య పేరు లేదని మీరు గమనించే ఉంటారు. అందుకే ఈ ఉత్తరం నిలబడి చదవకండి. స్టాలు కట్టేశాక, పక్కన ఎవరూ లేనప్పుడు కూర్చుని చదవండి.

ఫోనుండగా ఇంత ఉత్తరం ఎందుకంటారేమో. చీరల మూటలో ఉత్తరం పెట్టడం మామయ్యగారి నాటి నుంచీ మనింట్లో ఉన్నదే. పైగా మీరు ఫోనెత్తితే చాలు స్పీకరు పెడతారు. ఆ భోపాల్ గదిలో మిగతా మగాళ్ళంతా మన మాటలు వింటూ అన్నం తింటారు. ఇప్పుడు నేను రాసేది వాళ్ళ మధ్య చెప్పగలిగేది కాదు.

వెనక్కి పంపిన సరుకులో మీరు పెట్టిన ఉత్తరం అందింది. పెరట్లో రేకులు వేయించాను, ఈసారి కారడం లేదు. ఆవకాయ సీసా పంపమన్నారు, పంపను. కిందటిసారి నూనె కారి రెండు చీరలు పాడైన సంగతి మీరు మర్చిపోయినా నేను మర్చిపోలేదు. ధనశ్రీ చదువుతోంది, ఫోనూ చూస్తోంది, రెండిట్లో ఏది ఎక్కువో అడగకండి. ఆ ఇంజక్షన్ వాళ్ళు మళ్ళీ వచ్చారా, వద్దని గట్టిగా చెప్పావా అని అడిగారు. దానికి జవాబు చివర్లో రాస్తాను.

అమ్మ నేసే మీగడ రంగు చీరలు ఎందుకు రావడం లేదు, మోకాళ్ళ నొప్పులు ఎక్కువయ్యాయా అని కూడా రాశారు. నేనూ మోకాళ్ళే అనుకున్నాను. ఆవిడ అలాగే చెప్పింది. కొన్నాళ్ళు మగ్గం ఎక్కేది, కొన్నాళ్ళు మానేసేది. మానేసిన రోజుల్లో దేవుడి దీపం కూడా నన్నే పెట్టమనేది. వంగలేకపోతున్నానే అనేది. పెద్దావిడ కదా అని నేనూ ఊరుకున్నాను.

మీగడ రంగు పడుగు వీధిలో సాచి గంజి పట్టిస్తున్న రోజు అసలు సంగతి తెలిసింది. తెల్లవారుజామునే మొదలుపెట్టాం. వీధి పొడవునా చీర నిలువు పోగులు పరిచి ఉన్నాయి, మేం కుంచెలతో గంజి పట్టిస్తున్నాం, అత్తయ్య ఆ చివర అరుగు మీద కూర్చుని చూస్తోంది. ఉన్నట్టుండి గాలి లేచి ఆ చివర కట్టిన తాడు ఊడిపోయింది. తడి పడుగు జారిపోతోంది. ఆవిడకి చేయి చాస్తే అందేంత దూరం.

“అత్తయ్యా, పట్టుకోండి, పట్టుకోండి” అని వీధంతా వినపడేలా అరిచాను.

ఆవిడ లేచింది. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని వెనక్కి జరిగింది. పడుగు మట్టిలో పడింది, సగం పోగులు తెగిపోయాయి. మీ అమ్మ సంగతి మీకు తెలుసు. నేల మీద దారం ముక్క కనబడితే ఊరుకోని మనిషి. అలాంటిది పడుగు జారిపోతుంటే చూస్తూ నిలబడింది. నాకు ఒళ్ళు మండిపోయింది. నాలుగు మాటలు అనేద్దామని దగ్గరికి వెళ్ళాను.

వెళ్ళి ఆవిడ చేతులు చూసి ఆగిపోయాను. అలా చేతులు వెనక్కి పెట్టుకుని జరగడం నాకు తెలుసు. మన వీధిలో ప్రతి ఆడదానికీ తెలుసు. బయట చేరిన రోజుల్లో పడుగు ముట్టుకోకూడదని పెళ్ళయి వచ్చిన కొత్తలో నాకు నేర్పింది ఆవిడే. ధనశ్రీకి నేర్పిందీ ఆవిడే. కానీ ఆవిడకి అవన్నీ ఆగిపోయి ఎన్నేళ్ళయింది? ధనశ్రీ పుట్టకముందు మాట. పడుగు అక్కడే వదిలేశాను.

లోపలికి తీసుకెళ్ళి తలుపు వేసి అడిగాను. ఆవిడ గోడ వైపు తిరిగింది.

“మళ్ళీ మొదలైందే అమ్మాయ్. ఈ వయసులో ఇదేం ఖర్మో. ఎవరితో చెప్పుకోను, నవ్వరూ?” అంది.

“ఎప్పటినుంచి అత్తయ్యా?”

“పోయిన వేసవి నుంచి.”

ఒకే కప్పు కింద, ఒకే పొయ్యి మీద వండుకు తింటున్నాం. ఎవరి మగ్గం ఎందుకు ఆగిందో మన వీధిలో చిన్నపిల్లలకి కూడా తెలిసిపోతుంది. అలాంటి వీధిలో ఆవిడ ఇన్నాళ్ళు దాచింది. దాస్తూ కూడా ఆచారం తప్పలేదు. దీపం ముట్టుకోలేదు, పడుగు ముట్టుకోలేదు. అది నెలసరి కాదు, జబ్బు అని ఆవిడకి తట్టనే లేదు. నెలసరి ఆగిపోయిన మనిషికి చుక్క కనబడినా డాక్టరు దగ్గరికి పరుగెత్తాలని నాకు మాత్రం ఏం తెలుసు?

మర్నాడే విజయవాడ తీసుకొచ్చాను. మా రామతులసి అక్క తోడు వచ్చింది. లేడీ డాక్టరు చూసి, చిన్న ముక్క తీసి పరీక్షకి పంపింది. రిపోర్టు వచ్చాక మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. గర్భసంచి ముఖద్వారానికి క్యాన్సరండీ. పక్కలకి కూడా పాకింది, ఆపరేషన్‌తో పోయే దశ దాటింది అంది. రేడియేషన్, దాంతోపాటు సెలైన్లో మందు ఇవ్వాలంది. మనవాళ్ళు కరెంటు పెట్టడం అంటారే, అదే. తగ్గే అవకాశం ఉందనే అంది, అది మాత్రం రెండుసార్లు అడిగి చెప్పించుకున్నాను.

ఇప్పటిదాకా రాసింది ఒక ఎత్తు. ఆ గదిలో తర్వాత విన్నది ఇంకో ఎత్తు. ఇది ఒక వైరస్ వల్ల వస్తుందట. వచ్చినా ఏళ్ళ తరబడి నెమ్మదిగా ముదురుతుందట. ముప్పై దాటిన ఆడవాళ్ళు మధ్యమధ్యలో పరీక్ష చేయించుకుంటే, క్యాన్సర్ కాకముందే పట్టుకుని చిన్న చికిత్సతో తీసేస్తారట.

“అసలు రాకుండా ఆడపిల్లలకి ముందే టీకా ఉందమ్మా” అంది డాక్టరు.

అత్తయ్య అప్పటిదాకా తల దించుకుని ఉంది. చప్పున తలెత్తింది.

“దీనికి టీకా ఉందా? నాకు వేయండమ్మా మరి.”

“మీకు ఇప్పుడు పనిచేయదండీ. వైరస్ సోకకముందే వేయాలి. ఇంట్లో ఆడపిల్లలుంటే వాళ్ళకి వేయించండి.”

అత్తయ్య నా వైపు తిరిగింది. “నర్సు కనకలక్ష్మి గుమ్మంలోకొచ్చి మన ధనకి వేస్తానంది అదేనా?” అని అడిగింది. అవునన్నాను.

ఊరికి తిరిగొచ్చే బస్సు ఉయ్యూరు దాటింది. అత్తయ్య నెమ్మదిగా అడిగింది. “వాడెందుకు వద్దన్నాడే?”

మీరన్నదే చెప్పాను. ఎదిగే పిల్లకి ఆ ఇంజక్షన్ వేస్తే రేపు పిల్లలు పుట్టరని స్టాల్లో ఎవరో అన్నారట అని. అదంతా ఒట్టిమాటని డాక్టరు చెప్పిన సంగతి కూడా చెప్పాను. మీ అమ్మకి కోపం వస్తే అరుస్తుంది కదా. ఆ రోజు అరవలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తన జబ్బు పేరు విన్నప్పుడు ఏడవని మనిషి.

ఇక మీ ప్రశ్నకి జవాబు రాస్తున్నాను. ధనశ్రీకి ఇంజక్షన్ అయిపోయింది. మీరు వద్దన్నారని తెలిసి కూడా వేయించాం. డాక్టరు దగ్గర్నుంచి వచ్చిన మర్నాడు పొద్దున్నే అత్తయ్య తలస్నానం చేసి, మనవరాలి చెయ్యి పట్టుకుని ఆరోగ్య కేంద్రానికి బయల్దేరింది. నేను వెనకాల పరుగెత్తాను. వేయమంటారా అని కనకలక్ష్మి గారు నన్ను అడిగారు, తల్లిగా నేను సరేనన్నాను. పిల్ల సూది చూసి భయపడితే అత్తయ్య దాని మొహం తన వైపు తిప్పుకుంది. బయటికొచ్చాక నాతో, “వాడు అరిస్తే నా పేరు చెప్పు” అంది. చెబుతున్నాను. అరవాలనిపిస్తే ఆవిడ మీదే అరవండి. నేనూ పరీక్ష చేయించుకున్నాను, నాకేమీ లేదన్నారు. పిల్ల దగ్గర మా అమ్మ ఉంది. రేపటి నుంచి అత్తయ్యకి కరెంటు మొదలవుతుంది, అయ్యేదాకా ఇద్దరం ఇక్కడ అక్క ఇంట్లోనే ఉంటాం.

ఇంకొక్కటి. రిపోర్టు వచ్చాక, ఇక్కడికి రాకముందు కొన్నాళ్ళు ఇంట్లో ఉన్నాం కదా. ఒకరోజు మగ్గం చప్పుడు వినిపించి వెళ్ళి చూస్తే అత్తయ్య మగ్గం ఎక్కి కూర్చుని ఉంది. మట్టిలో పడిన ఆ పడుగే, తెగిన పోగులన్నీ కూర్చుని అతికించుకుంది. అప్పటికీ రక్తం కనబడుతూనే ఉంది. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను.

“అట్టా చూస్తావేంటే. ఇది మైల కాదంట కదా, జబ్బంట. జబ్బని తెలిసుంటే అన్నాళ్ళు మగ్గం ఆపేదాన్నా?” అని పోగుల మధ్యకి నాడె విసిరింది.

ఈ మూటలో అన్నిటికంటే అడుగున, తెల్లగుడ్డలో చుట్టి మీగడ రంగు చీర ఒకటి ఉంది. చేత్తో తడిమితే పోగులు అతికిన చోట ముడులు తగులుతాయి. ఎవరు అడిగినా అమ్మకండి. అది పట్టుకుని బయల్దేరి రండి.

ఇట్లు,
మీ అమ్మగారి కోడలు
నాగదుర్గ