విచారణకు పోయిన చీర

ధర్మవరం,
14-11-2025, శుక్రవారం.

పూజ్యురాలైన వదిన రామలక్ష్మమ్మకు హేమావతి నమస్కారాలు. హిందూపురంలో నువ్వూ పిల్లలూ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. ఫోన్‌లో నీకు మాట సరిగ్గా వినపడదని నీ తమ్ముడే ఉత్తరం రాయమన్నాడు. పక్కనే కూర్చుని, ఇది రాయి, అది రాయి అని నా ప్రాణం తీస్తున్నాడు.

రాష్ట్రంలో కరెంటు చట్టాలు మారుస్తారట వదినా. బిల్లు ఇంకా అసెంబ్లీకి పోలేదు. అదే గనక వస్తే, మగ్గానికి మోటరు పెట్టుకున్న ఇల్లు ఇల్లు కాదట, వ్యాపారమట! మీటరు మార్చేస్తారు, ఇప్పుడొచ్చే రాయితీ పోతుంది. చీరల మీద మాకు మిగిలేది ఆ కరెంటుకే చాలదు. ఆయన మోకాలి సంగతి నీకు తెలుసు కదా. అంచు డిజైను పోగులెత్తే జకార్డును మోటరే ఎత్తుతోంది కాబట్టి మగ్గం గుంతలో కూర్చుని నేస్తున్నాడు. అది తీసేస్తే కాలితో తొక్కాలి, ఆ కాలు తొక్కదు. నేత తప్ప ఇంకో పని తెలియని మనిషి. నాకు భయంగా ఉంది వదినా.

ఆ బిల్లు మీద జనం మాట వింటామని నిన్న పెనుకొండలో విచారణ సభ పెట్టారు. ఎదురింటి ఉదయ్ కుమార్‌ను తోడు తీసుకుని ఈయన పొద్దున్నే బస్సెక్కాడు. నేను నేర్పించే పంపాను. సారూ, నా కాలు పనిచేయదు, మోటరు సోకుకు పెట్టుకోలేదు, మా మీటరు మార్చొద్దండి అని చెప్పు, ఇంకేం వాగొద్దు అన్నాను. సరే సరే అని తలూపి, పోతూ పోతూ మగ్గం మీంచి అప్పుడే కోసిన చీరను చంకలో పెట్టుకున్నాడు. అదెందుకయ్యా అంటే, మా నాయన యాడికి పోయినా చీర లేకుండా పోయినాడా, పని చూపిస్తేనే కదా మన మాట ఇంటారు అన్నాడు.

సాయంత్రం నవ్వుకుంటూ వచ్చాడు. అధికారులు బాగా విన్నారట. నడుమ కూర్చున్న మేడమ్ లేచి వచ్చి, అంచు పట్టి చూసి, ఇంత మంచి పని ఎక్కడా చూడలేదని మెచ్చుకుందట. అడిగిన ధర ఇచ్చి అక్కడికక్కడే కొనుక్కుందట. నేసినోని కడుపు కొట్టి ఆ చీర యెట్ల కట్టుకుంటాదే, మన మీటరు యాడికీ పోదు అంటున్నాడు. నిన్ను దిగులు పెట్టుకోవద్దని రాయమన్నాడు, రాశాను.

ఇట్లు,
నీ మరదలు
హేమావతి

మరొక మాట: ఆయన టీకి పోయాడు, గబగబా రాస్తున్నాను. పైన రాసింది నమ్మొద్దు వదినా. ఉదయ్ కుమార్ నాతో విడిగా చెప్పి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. మోటరు మగ్గాల వాళ్ల వరసలో పేరు పిలవగానే ఈయన చీర పరిచాడట. ఆ మేడమ్ ధర అడిగిందట. ఇంకేముంది, పట్టు అని, జరీ అని, కొంగు అని మొదలుపెట్టాడు. టైము అయిపోయిందని గంట కొట్టారు. కాలి మాట లేదు, మోటరు మాట లేదు. ఈయన దుడ్లు లెక్కపెట్టుకుంటుంటే, ఆమె పక్కనున్న గుమాస్తాతో, చూశారా, ఇంట్లో మోటరు పెట్టి నేసి అమ్ముకుంటున్నారు, ఇది వ్యాపారమే, ఈయన పేరుతోనే సాక్ష్యంగా రాసుకోండి అన్నదట.

ఈయనకు ఎట్లా చెప్పేది? వచ్చే నెల మీ హిందూపురంలో ఇంకో సభ ఉందట. ఈసారి రెండు చీరలు తీసుకొస్తాడట.