సెన్సరుకి బొట్టు పెట్టిన తమ్ముడికి నా కారు

సింగపూర్ బుకిట్ బటోక్‌లో కాపురముంటున్న, కీర్తిశేషులు కృష్ణప్రసాద్ గారి భార్య లలితకుమారి అనే నేను, వయసు అరవై తొమ్మిది, ఎవరి ఒత్తిడీ ప్రోద్బలమూ లేకుండా, పూర్తి తెలివితో రాసుకున్న వీలునామా ఇది. సోమవారం నా గుండెకు ఆపరేషన్. లోపం గుండెలోనే గాని బుర్రలో లేదని డాక్టరు ఇచ్చిన కాగితం జతపరిచాను. మా అబ్బాయికి అనుమానం ఉంటే చూసుకోవచ్చు. దీన్ని అమలు జరిపే బాధ్యత మా వారి స్నేహితులు, లాయరు శ్యాంసుందర్ గారిది.

1. ఫ్లాటు, అందులోని సామానుతో సహా, మా అబ్బాయి ఉదయ్‌కిరణ్‌కి సర్వహక్కులతో చెందుతుంది. వంటింటి కిటికీ బోల్టు వదులుగా ఉందని ఏళ్ళ తరబడి మొత్తుకుంటున్నాను. ఇక వాడిదే కిటికీ, వాడిదే బోల్టు.

2. కాసులపేరు కోడలు కావ్యశ్రీకి. హాకర్ సెంటర్లో టిష్యూ ప్యాకెట్ పెట్టి బల్ల చోప్ చేసుకున్నట్టు, అంటే ఇది నాదని ముందే ఆపుకున్నట్టు, పెళ్ళినాటి నుంచీ చూపులతోనే దాన్ని చోప్ చేసి ఉంచుకుంది. అయినా నాకు జ్వరమొస్తే యీషున్ నుంచి రైలెక్కి చారు పట్టుకొచ్చేది ఆ పిల్లే. మనస్ఫూర్తిగా ఇస్తున్నాను.

3. ఇడ్లీ పాత్ర ఎదురింటి బాలనాగమ్మకి రాద్దామనుకున్నాను. సాక్షి సంతకం పెట్టేవాళ్ళకి ఏమీ రాయకూడదట. అందుకని నిన్ననే ఇచ్చేశాను.

4. ఇక కారు. పాతకార్ల లైసెన్సు మీద ఏడాదికి కొన్ని రోజులే రోడ్డెక్కే ఆకుపచ్చ కారు. మా వారు షిప్‌యార్డులో ఇంజినీరే అయినా దీని దగ్గర టార్చి మాత్రమే పట్టుకునేవారు. స్పానరు నా చేతిలో ఉండేది.

మొన్న దసరాకి, సైన్స్ పార్క్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే నా తమ్ముడు ఉపేంద్ర, ఆయుధపూజ చేస్తానని బానెట్ ఎత్తాడు. వాడికి భక్తి ఎక్కువ. గుండ్రంగా కనబడ్డ ప్రతిదానికీ పసుపు రాసి బొట్టు పెట్టాడు. మర్నాడు బండి తీస్తే ఆయిల్ ప్రెషర్ ముల్లు సున్నా మీద పడుకుంది, లేవదు. ఉపేంద్ర ఫోన్లో వీడియోలు చూసి, బేరింగులు అరిగిపోయాయి, ఇంజిన్ పోయినట్టేనని తీర్పు చెప్పాడు. మా అబ్బాయి తల కూడా ఎత్తకుండా, "స్క్రాప్‌కి ఇచ్చేయ్ లా, అమ్మా" అన్నాడు, ఇక్కడివాళ్ళ "లా" ఒకటి తగిలించి.

ఆసుపత్రిలో నా బీపీ మరీ తక్కువ చూపిస్తే, నర్సు ముందు మిషన్ మార్చి మళ్ళీ చూసింది. తిన్నగా పాడె కట్టించలేదు. ఆపాటి మర్యాద కారుకి ఎందుకు ఉండకూడదు? ఆయిల్ కొలిచే కడ్డీ తీసి చూశాను, నిండుగా ఉంది. ఒక్క క్షణం స్టార్ట్ చేసి చెవి పెట్టాను, లోపల టకటకలు లేవు. అప్పుడు ప్రెషర్ కొలిచే సెన్సరు విప్పి, దాని చోట మా వారి పెట్టెలోని చేతి గేజీ బిగించి మళ్ళీ స్టార్ట్ చేశాను. ముల్లు నిక్షేపంగా లేచింది. ఇంజిన్‌కి ఏ రోగమూ లేదు.

అసలు దొంగ సెన్సరు మొన దగ్గర దొరికాడు. బొట్టుకి అడ్డొచ్చిందని మావాడు అక్కడి తీగ పీకి, మొనకి దిట్టంగా పసుపు పూసి, దాని మీదే తీగ తగిలించాడు. పసుపు ఎండి పెచ్చు కట్టింది, తీగకి కబురు అందడం మానేసింది. గీకేశాను, సరిపోయింది.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. పోయిందనుకున్నదాని దగ్గర ఎవరెలా ఉంటారో చూడాలనిపించింది. నాకూ సోమవారం ఉంది కదా. భయంగానే ఉంది.

మా అబ్బాయి స్క్రాప్ వాళ్ళ నంబరు పంపాడు. ఉపేంద్ర మాత్రం ఆదివారం ఆదివారం కార్‌పార్కుకి వచ్చి, తనే చచ్చిందని తేల్చిన బండిని శుభ్రంగా తుడిచి, కాసేపు సీట్లో కూర్చుని వెళ్ళేవాడు. ఓసారి నేను చూడకుండా కళ్ళు తుడుచుకోబోయి దొరికిపోయాడు. "దీని పని అయిపోయిందే అక్కా. ఇచ్చేద్దామంటే చేతులు రావట్లేదు" అన్నాడు.

5. కాబట్టి సదరు కారు, స్పానర్లు, చేతి గేజీతో సహా, నా తదనంతరం తమ్ముడు ఉపేంద్రకి చెందవలెను. స్క్రాప్‌కి ఇచ్చే హక్కు ఎవరికీ లేదు. బొట్టు బానెట్ పైన మాత్రమే పెట్టవలెను. బానెట్ ఎత్తినప్పుడు చేతిలో కుంకుమ భరిణె ఉండరాదు. ముల్లు పడిపోతే ముందు ఆయిల్ చూడాలి, తర్వాత చప్పుడు వినాలి, ఆ తర్వాత సెన్సరుని అనుమానించాలి. ఇంజిన్‌ని అన్నిటికంటే చివర.

6. పై అంశాలన్నీ నేను పోయాక చదవాల్సినవి. దీన్ని మాత్రం ఇవాళే ఉపేంద్రకి చదివి వినిపించమని శ్యాంసుందర్ గారిని కోరుతున్నాను. ఒరేయ్, కారు బాగానే ఉంది. సోమవారం పొద్దున్న నన్ను దాన్లోనే ఆసుపత్రికి తీసుకెళ్ళు. ఇంటికి తీసుకెళ్ళడానికి కూడా దాన్లోనే రా.

సింగపూర్, 8 నవంబరు 2025

(సంతకం) లలితకుమారి

సాక్షులు:
బాలనాగమ్మ, ఎదురింటి ఫ్లాటు
రమణ, పై అంతస్తు