మత్తు కాలి కింద కత్తెర

ఆగస్టు 11, సోమవారం

ఎడమ చేత్తో రాస్తున్నాను. అక్షరాలు తాగినట్టు తూలుతున్నాయి. కుడి చెయ్యి పక్కనే పడుకుంది... ఎవరో నిద్రపుచ్చి నా మంచం మీద వదిలిపోయిన పసిబిడ్డలా. తాకితే వెచ్చగా ఉంది. నాది కాదు.

బిచ్కుంద మీటింగ్‌లో ఉపన్యాసమిచ్చి వస్తూ ఆటో దిగబోయి విరగ్గొట్టుకున్న ముంజేయి. ఇవాళ ప్లేటు వేశారు. భుజం దగ్గర, నరాల పక్కన ఒక సూది. "రేపు పొద్దుటి దాకా ఏం తెలియదు మేడం, హాయిగా పడుకోండి" అన్నాడు మత్తు డాక్టరు. మా మేనల్లుడి వయసుంటుంది.

హాయి అనే మాట మీద నాకెప్పుడూ అనుమానమే. ఎవరి హాయి, ఎవరి ఖర్చుతో... అని మొదలుపెడతాను. ఇవాళ మొదలుపెట్టలేదు. కిటికీలో వాన. వాన వెనక వరి. పిట్లం బస్సు హారన్ నీళ్ల అడుగు నుంచి వచ్చినట్టుంది.

సాయంత్రం

పక్క మంచం గంగవ్వ. బీడీలు చుడుతుంది. పిండిమర మెట్ల మీద జారి కాలు విరిగింది. రేపు ఆపరేషన్. నా చేతిని వేలితో పొడిచి చూసింది.

"తెల్వలేదా?"

"లేదు."

"అబ్బ! గిది మంచిగున్నదక్కా. పెండ్లినాడే ఒళ్లంత గీ సూది ఏపిచ్చుకుంటె అయిపోవు."

ఇద్దరం నవ్వాం. తర్వాత డాక్టరును అడిగాను, రేపు ఈమెకూ ఇదే సూది కదా అని. తల గోక్కున్నాడు. నడుములో ఇస్తారట, ఆపరేషన్ అయ్యేవరకు. ఆ తర్వాత మామూలు ఇంజెక్షన్లేనట. "వాళ్లు ఓర్చుకుంటారు మేడం. అలవాటే..."

అలవాటే!

నిద్రపోతున్న చెయ్యి తప్ప ఒళ్లంతా మండింది.

ఆగస్టు 12, మంగళవారం

పొద్దున్నే యుద్ధం. ఎముకల డాక్టరుతో — ఈ నర్సింగ్ హోం ఆయనదే. ఓర్పు గొప్పదని పేదవాళ్లకే ఎందుకు చెబుతారు? ఓర్చుకునే బాధ్యత కూడా వాళ్ల మీదే పడేశారా? మందు అలమారాలో ఉంటుంది, మూలుగు మంచం మీద ఉంటుంది, మధ్యలో "అలవాటు" అనే గోడ... వేదిక మీద ఉన్నట్టే మాట్లాడాను. కట్టు కట్టిన చెయ్యి మాత్రం దూది మూటలా ఊగుతోంది.

గంగవ్వ అత్త అడ్డం వచ్చింది. "నొప్పి తెల్వకుంట పండుకుంటె బొక్క ఎట్ల అతుకుతది? నేను పిల్లలను కన్ననాడు నాకెవలిచ్చిండ్రు సూది?"

"అందుకే ఇయ్యమంటున్న అవ్వా."

ముసలామె మూతి తిప్పుకుంది. ఎముకల డాక్టరు చేతులెత్తేశాడు. గెలిచాను.

మధ్యాహ్నం

నా చెయ్యి తిరిగొస్తోంది. ముందు చీమలు. వాటి వెనకే నొప్పి, నింపాదిగా.

గంగవ్వను తీసుకొచ్చారు. తొడ మొదలు నుంచి కిందికి కాలున్నట్టే తెలియదామెకు. రెండు చోట్ల సూది ఇచ్చాను, రేపు సాయంత్రం దాకా ఉంటుందన్నాడు మత్తు డాక్టరు. సగం కళ్లతో అడిగింది...

"అక్కా, నా కాలు ఏడ పోయింది?"

"మహమ్మద్ నగర్ పోయింది. మీ అమ్మగారింటికి."

"పోనియ్. నాకు పోవుడే అయితలేదు. అదన్న చూసొస్తది."

ఆగస్టు 13, బుధవారం

అత్త చాట తెచ్చింది. తునికాకు, తంబాకు, దారం, కత్తెర. కంపెనీకి బీడీలు ఇయ్యకపోతే పని కార్డు ఆగుతదని గొణుగుతూ పోయింది. గంగవ్వ గోడకానుకుని కూర్చుని, చాట ఒళ్లో పెట్టుకుంది. ఆకు కత్తిరించడం, కత్తెర తొడ కింద దోపడం, తంబాకు పొయ్యడం, చుట్టడం. మళ్లీ కత్తెర లాగడం, మళ్లీ దోపడం. చిన్నప్పటి అలవాటట, ఇంట్లో తనకన్నా చిన్నపిల్లలకు దొరకకుండా.

నేను మాత్ర వేసుకుని మత్తుగా చూస్తున్నాను. కత్తెర మెరిసి మాయమవుతోంది... నీళ్లలో చేపలా. ఎంత అందంగా ఉంది! దీని మీద ఒక వాక్యం రాయాలి, శ్రమ గురించి, చేతుల గురించి... వాక్యం కుదురుతోంది.

దుప్పటి మీద ఎర్రగా. ముందు పువ్వనుకున్నాను.

తరవాత

కత్తెర మొన తొడలో దిగింది. తెలియక దాని మీదే బరువంతా వేసి కూర్చుంది. కుట్లు వేస్తుంటే నవ్వుతోంది పిచ్చిది. "చక్కిలిగిలి గూడ అయితలేదక్కా."

ఎముకల డాక్టరు నా మంచం దగ్గరే ఆగాడు. "రేపటి నుంచి ఈ వార్డులో ఆ సూది బంద్ మేడం. సంతోషమేనా?"

ఊరుకుంటానా. కాలి కింద ఏమీ పెట్టొద్దని ఆమెకు ఎవరైనా చెప్పారా? ఒక్కరు?

"మీరు చెప్పొచ్చు కదా. పక్క మంచమే." అనేసి పోయాడు.

దీపాలు వెలిగే వేళ

మత్తు దిగుతోంది. గంగవ్వ మంచం రాడ్డు పట్టుకుంది. మూలుగు లేదు. పెదవి మీద పళ్ల గుర్తు.

మత్తు డాక్టరు చప్పుడు కాకుండా వచ్చాడు. పెద్దాయన ఇంటికి పోయాడట. "ఇంకోసారి ఇవ్వనా?" నన్ను అడిగాడు. ఆమెను కాదు.

గంగవ్వ కూడా నావైపే తిరిగింది. "చెప్పక్కా. నువ్వే గద కొట్లాడినవ్."

జవాబు సిద్ధంగానే ఉంది. నా దగ్గర ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. మింగాను.

"నన్నెందుకు అడుగుతవ్? కాలు ఆమెది. ఆమెకు చెప్పు, ఆమెను అడుగు."

స్టూలు లాక్కుని కూర్చున్నాడు. చెప్పాడు... కాలు మళ్లీ నిద్రపోతుంది, కుచ్చుకున్నా కాలినా తెలియదు, లేచి అడుగు వెయ్యకూడదు.

"చాట ముట్టద్దా?"

"ముట్టొచ్చు. కత్తెర బల్ల మీదనే ఉండాలె."

"ఓర్చుకుంటె?"

"ఓర్చుకోవచ్చు. వేరే మందులు కొంచెం తగ్గిస్తయి. పూర్తిగ కాదు."

దుప్పటి తొలగించి చూసుకుంది. కింద డాక్టర్ల కుట్లు, పైన తొడ పక్కన కత్తెర కుట్లు. చాలాసేపు చూసింది, ఊరి నుంచి వచ్చిన మనిషిని చూసినట్టు.

"ఆగు సారూ. జర సోంచాయించనియ్."

ఆమె ఆలోచించుకునేదాకా అతను ఆగాడు. నేను పెన్ను పట్టుకున్నాను, ఏదో ఒకటి చెయ్యాలి కదా. చెయ్యి గుంజుతోంది. బయట వాన మళ్లీ పట్టుకుంది. గంగవ్వ కుట్ల మీద వేలు పెట్టి నొక్కి, తీసి, ఇంకొంచెం పైన నొక్కి చూస్తోంది.